రోలర్ బల్ల మీద చేతులు

పొట్టక్క చెయ్యి రోలర్ల మధ్యకు పోవడం మేమందరం చూశాం. చూడలేదని తర్వాత కొందరు చెప్పారు. వాళ్ళను తిట్టుకోకండి. ఆ హాల్లో మీరు నిలబడి ఉంటే మీకూ నోరు ఎండిపోయేది.

మాది ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. రోగుల కింద పరిచిన దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, ఆపరేషన్ గదుల పచ్చ గుడ్డలు మూటలు మూటలుగా వచ్చి పడతాయి. ఉతికిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, బల్ల మీదుగా రోలర్లకు అందించాలి. ఆవిరితో కాలిపోతూ తిరిగే ఆ ఇనప రోలర్లు తడి దుప్పటిని లాక్కుని అవతల పొడిగా వదులుతాయి. వాటి ముందు ఒక అడ్డుకడ్డీ ఉండేది. చెయ్యి దానికి తగిలితే మిషన్ దానంతటదే ఆగిపోయేది. మందపాటి దుప్పటి తగిలినా ఆగిపోయేది. పని సాగడం లేదని కంట్రాక్టరు ఆ కడ్డీ పీకించేశాడు.

ఆ మధ్యాహ్నం దుప్పటి అంచు ముడతపడింది. సరిచెయ్యబోయిన పొట్టక్క చెయ్యి దాంతోపాటే లోపలికి పోయింది. కేక వినపడలేదు. ఆ మోతలో ఎవరి కేకా వినపడదు. ఆమె నోరు తెరుచుకుని ఉండటం మాత్రం కనపడింది. ఎదురుగా రెండో కొస పట్టుకున్నది నేనే. మిషన్ ఆపే ఎర్ర బటన్ నొక్కాను.

మాతో పని చేయించే మేస్త్రీ పరిగెత్తుకొచ్చి ముందు దుప్పటిని చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. రోలర్లు ఎడంచేసి చెయ్యి బయటకు తీశాక, బాయిలర్ చూసుకునే ముసలాయన, మా బాయిలర్ తాత, తన తువ్వాలు చుట్టి ఆమెను భుజాన వేసుకుని నడిచాడు. వాళ్ళు గేటు దాటకముందే మేస్త్రీ రోలర్లు తుడిపించి మిషన్ ఆన్ చేశాడు. నా ఎదుట ఇంకొకామెను నిలబెట్టాడు. దుప్పట్లు పోతూనే ఉన్నాయి.

పొట్టక్క కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. మిగతావి ఆసుపత్రిలో తీసేశారు. కబుర్లు చెప్పుకుంటూ పనిచేసి చెయ్యి పోగొట్టుకుందని కంట్రాక్టరు అందరికీ చెప్పాడు. పళ్ళ సంచీతో వాళ్ళింటికి కూడా వెళ్ళాడు. జరిగిందేదో జరిగింది, ఎక్కడా నోరెత్తకుండా ఉంటే ఆ పని వాళ్ళ ఇంట్లోనే ఉంచుతానన్నాడు. పొట్టక్క ఆడపడుచును రేపటినుంచే పంపమన్నాడు. పొట్టక్క మొగుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో పొయ్యి వెలగాలి. అత్త కాసేపు కోడలి కట్టు వైపు, కాసేపు గుమ్మం వైపు చూసి, సరేనంది.

ఆ తర్వాత నేను పొట్టక్కను చూడటానికి వెళ్ళాను. మా మేస్త్రీ వెనకాలే అతనిలా నడిచి చూపించి మమ్మల్ని పడీపడీ నవ్వించిన మనిషి, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వీధిలో బండి మోత వినిపిస్తే చెయ్యి కొంగులో దాచుకునేది. ఎడమచేత్తో అన్నం తినడం రాక, అత్త తినిపిస్తుంటే కళ్ళు మూసుకునేది. ఆడపడుచు పనికి వెళ్ళే వేళకు ఆమెకు చెమటలు పట్టేవి. సాయంత్రం ఆ పిల్ల గుమ్మంలోకి రాగానే రెండు చేతులూ చాపమనేది. వేళ్ళన్నీ ముట్టుకుని చూశాకే మంచినీళ్ళు తాగేది.

ఒకరోజు ఆడపడుచు చేతి గాజు రోలర్ అంచుకు తగిలి చిట్లింది. ఏమీ కాలేదు. మర్నాడు పొట్టక్క లేచి, పళ్ళతో రవిక ముడి బిగించుకోవడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో చెంబు ఎత్తింది, ఒలకబోసింది, మళ్ళీ ఎత్తింది. అత్త సాయం వస్తే వద్దంది. గ్లాసులు పగిలాయి, అన్నం మాడింది. ఒంటిచేత్తో జడ వేసుకోవాలని చూసి, అది ఊడిపోతే తనే నవ్వింది. ఆ ఇంట్లో చాన్నాళ్ళకు నవ్వు వినపడిందని అత్త నాతో చెప్పి ఏడ్చింది.

కడ్డీ సంగతి తేల్చుకోవాలని మేం మా ఇంట్లో కలిశాం. ఆ ఇరుకు గదిలో ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. కిటికీ మూసేశాం. ఎవరైనా వింటారని భయం. వినేవాడు మాలోనే ఉన్నాడేమోనని ఇంకా భయం. మిషన్ ఆపేద్దామని నేనన్నాను. ఆపితే మనల్ని తరిమేసి ఇంకొకళ్ళను తెచ్చుకుంటాడని ఇస్త్రీ ఆమె అంది. కడ్డీ పెట్టమని బతిమాలుకుందామని ఒకరంటే, అడిగి తిట్లు తిన్నది చాలదా అని ఇంకొకరు మండిపడ్డారు. చెయ్యి పోయింది ఆమెది, మధ్యలో మనకెందుకు అని మూలనుంచి ఒకామె గొణిగింది. రేపు నీ చెయ్యి పోయినప్పుడు కూడా ఈ మాటే అంటాం అని బాయిలర్ తాత అన్నాడు. మాట మాట పెరిగింది. జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.

అప్పుడే పొట్టక్క వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది. అందరం మాటలు ఆపేశాం.

"పొద్దున లాండ్రీ దాకా వెళ్ళా," అంది. "గేటు దగ్గర ఆ మోత వినపడగానే వాంతయింది. తిరిగొచ్చేశా."

ఆమె కట్టున్న చేతిని మొదటిసారి కొంగులోనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు చచ్చేంత భయంగా ఉంది. భయం పోయాక వద్దామనుకుంటే ఈ జన్మకి రాలేను. అందుకే రేపు భయంతోనే వస్తా. మీరూ అంతే రండి."

మర్నాడు పని మొదలైన కాసేపటికి ఆమె హాల్లోకి వచ్చింది. గేటు కాపలావాడు ఆ చెయ్యి చూసి పక్కకు తప్పుకున్నాడట. నేను దుప్పటి కొస పట్టుకుని ఉన్నాను. రెండో కొస ఆమె ఆడపడుచు చేతిలో ఉంది. పొట్టక్క మొహం సున్నం కొట్టినట్టు ఉంది. గోడ పట్టుకుని, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అడుగు వేస్తోంది. ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. దగ్గరకు వచ్చి ఎడమచేత్తో ఎర్ర బటన్ నొక్కింది.

మోత ఆగిపోయింది. ఆవిరి బుసలు కొట్టడం ఒక్కటే వినిపిస్తోంది.

మేస్త్రీ వచ్చి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. పొట్టక్క కట్టు విప్పేసింది. ఇంకా ఎర్రగా ఉన్న ఆ చేతిని బల్ల మీద, సరిగ్గా రోలర్ల ముందు పెట్టింది. బల్ల వేడికి ఆమె భుజం ఎగిరిపడింది. అయినా చెయ్యి తియ్యలేదు.

"వెయ్యి ఇప్పుడు," అంది.

కంట్రాక్టరు గదిలోనుంచి బయటకు వచ్చి, ఏమిటా ఆలస్యం, ఆన్ చెయ్యమని మేస్త్రీని గద్దించాడు. మేస్త్రీ వేళ్ళు స్విచ్చి మీద బిగుసుకున్నాయి. ఇప్పుడు వేస్తాడు, ఇప్పుడు వేస్తాడు అన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది.

ఆడపడుచు దుప్పటి వదిలేసింది. "వదినా," అని మాత్రం అని, తన చెయ్యి పొట్టక్క చేతి పక్కన పెట్టింది. తర్వాత నేను పెట్టాను. ధైర్యం వచ్చి పెట్టలేదు. ఆ రెండు చేతుల్నీ అలా ఒంటరిగా చూడలేక పెట్టాను. ఇస్త్రీ ఆమె వచ్చింది. బట్టలు పిండేవాళ్ళు వచ్చారు. మధ్యలో మనకెందుకు అని గొణిగినామె కూడా, ఏడుస్తూ, అందరినీ తోసుకుని వచ్చింది. బల్ల మీద చోటు లేక, చేతుల మీద చేతులు వేశారు. పుళ్ళు పడినవి, సోడాకు తోలు ఊడినవి, ముసలివి, గాజులున్నవి, లేనివి. అన్నీ వణుకుతున్నాయి. ఆ వణుకుకు బల్ల కూడా అదురుతున్నట్టే అనిపించింది.

కంట్రాక్టరు ఇంకోసారి అరిచాడు. మేస్త్రీ స్విచ్చి మీదనుంచి చెయ్యి తీసేశాడు.

"నావల్ల కాదు సార్. మీరే వేసుకోండి."

కంట్రాక్టరు ముందుకు రాలేదు. బాయిలర్ తాత ఆవిరి కట్టేశాడు. కడ్డీ బిగించేదాకా దుప్పటి ముట్టుకోబోమని చెప్పి, అక్కడే నేల మీద కూర్చున్నాం. దుప్పట్లు ఏవని ఆసుపత్రులనుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కాసేపటికి పోలీసులు వచ్చారు. మిషన్ పాడుచేసిందని కంట్రాక్టరు పొట్టక్కను చూపించాడు. మేం అడ్డుపడితే లాఠీలు లేచాయి. ఇస్త్రీ ఆమెకు నుదురు చిట్లింది. జీపు ఎక్కించేటప్పుడు పొట్టక్క ఎడమచేతికి ఆసరా దొరక్క జారింది. కానిస్టేబుల్ పట్టుకోబోతే వద్దంది. మళ్ళీ ప్రయత్నించి తనే ఎక్కింది.

ఆ రోజంతా మాకు తిండి సయించలేదు. స్టేషన్లో ఆమెను ఏం చేస్తున్నారో తెలియదు. తర్వాత ఎవరిని పట్టుకెళ్తారో తెలియదు. గేటు ముందు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. ఎక్కడినుంచో ఆడవాళ్ళను నింపుకొచ్చాడు కంట్రాక్టరు. టిఫిన్ డబ్బాలు గుండెలకు హత్తుకుని, మమ్మల్ని చూసి బెదిరిపోయి కూర్చున్నారు వాళ్ళు. మాలో ఒకామె రాయి తీసింది. పొట్టక్క అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. నిన్నటిదాకా ఇల్లు కదలని ఆ ముసలామె వ్యాను కిటికీ దగ్గరకు వెళ్ళింది. తన కోడలికి ఏం జరిగిందో చెప్పింది. పళ్ళ సంచీ చూసి తను సరేనన్న సంగతి కూడా దాచలేదు. కూతుర్ని పిలిచి పక్కన నిలబెట్టుకుంది. మీలో ఎవరు ఆ బల్ల ముందు నిలబడతారో, వాళ్ళు నాకు ఈ పిల్లలాంటివాళ్ళేనమ్మా అంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. కిటికీ పక్కనున్నామె, నా వయసే ఉంటుంది, మెల్లగా అడిగింది.

"ఆమె ఇప్పుడు ఎక్కడుంది?"

"స్టేషన్లో," అంది అత్త.

"భయపడట్లేదా?"

"భయపడుతూనే ఉంటుంది. ఒక్కతే ఉంది కదా."

ఆమె డబ్బా సీటు మీద పెట్టి వ్యాను దిగింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ తర్వాత మిగతావాళ్ళు దిగారు. కంట్రాక్టరు గేటు లోపలినుంచి ఏదో అరుస్తున్నాడు. మాలో ఎవరూ వెనక్కి తిరగలేదు. స్టేషన్ ఎటువైపో ఆ కొత్తవాళ్ళకు తెలియదు. పొట్టక్క అత్త ముందు నడిచింది. ఆమె వెనకాల రోడ్డు నిండా మేం నడిచాం.