ఎర్రటి కల

మంచం చివర రెండు ఇటుకలు తాడుకి వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి ఒకదానికొకటి తగిలి... టక్. మళ్ళీ టక్.

ఆ బరువు కరీమున్నీసా నడుముని లాగుతోంది. అరవై ఎనిమిదేళ్ళ నడుము.

పన్నెండేళ్ళ కిందట ఇవే ఇటుకలు ఇదే మంచానికి వేలాడాయి. అప్పుడు మంచం మీదున్నది ఆమె భర్త, బడే మియా.

బయట కాలువకి నీళ్ళు కట్టేశారు. ఎండిన బురద వాసన.

బెంజ్ సర్కిల్ దగ్గరి డాక్టరు ఫిల్ము లైటుకి పెట్టి చూపించాడు. "డిస్కు జారి నరాన్ని నొక్కుతోందండీ. ఆపరేషన్ చేస్తే నడుస్తారనే నా నమ్మకం. ఈ వయసులో రిస్కు లేదని మాత్రం చెప్పను."

ఇంకో డాక్టరు తొందరొద్దన్నాడు. ఆరు వారాలు బరువు కట్టుకుని పడుకోండి, తగ్గకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు.

ఇద్దరూ మంచివాళ్ళే. అదే వచ్చిన చిక్కు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

ఎడమ పాదం మొద్దుబారుతోంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

బడే మియా ఇబ్రహీంపట్నం దాకా సైకిల్ మీద గుడ్డల మూటలు మోసి మోసి నడుము పోగొట్టుకున్నాడు. అప్పుడూ డాక్టరు ఆపరేషనే అన్నాడు. అప్పుడు కరీమున్నీసా ఇస్తిఖారా చేసింది — ఎటూ తేలనప్పుడు దారి చూపమని ఖుదాని అడిగే నమాజు. కల రావాలని ఏమీ లేదమ్మా అన్నారు మౌల్వీగారు. ఆడవాళ్ళు వింటేగా! తెలుపో పచ్చో కనిపిస్తే సరే. నలుపో ఎరుపో అయితే వద్దు. అమ్మమ్మల నాటి మాట అది.

ఆమెకి కల వచ్చింది. గది నిండా ఎరుపు.

వద్దంది.

బడే మియా మళ్ళీ లేవలేదు. ఆరేళ్ళు పడుకునే నమాజు చదివాడు. వంగడానికి బదులు రెప్పలు వాల్చేవాడు. నేలకి నుదురు ఆనించడానికి బదులు ఇంకాస్త సేపు వాల్చేవాడు. ఒక సాయంత్రం వాల్చి, ఇక తెరవలేదు.

ఆయన పోయాక గుర్తొచ్చింది. కల వచ్చిన రోజు పొద్దుటి నుంచీ చెల్లెలి కూతురి పెళ్ళి జోడా కుడుతూనే ఉంది. ఎర్రటి జరీ గుడ్డ. కళ్ళు మూసినా ఎరుపే.

ఆ గుడ్డే కలలోకి వచ్చిందేమో... కాదేమో... ఎవరు చెబుతారు?

ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే తీరే తప్పు కాదు.

ఇప్పుడు మూడు రోజులుగా మళ్ళీ ఇస్తిఖారా. కుర్చీలో కూర్చునే. కల రాలేదు. తెలుపు లేదు, ఎరుపు లేదు.

టక్.

కూతురు ఆఫ్రీన్ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"అమ్మీ, డాక్టరుగారికి ఫోన్ చెయ్యాలి. ఏం చెప్పమంటావు?"

"కల రాలేదే."

"కల సంగతి వదిలెయ్ అమ్మీ. నీకేం కావాలి?"

కరీమున్నీసా తెల్లబోయింది.

ఇంత చిన్న మాట. ఆనాడు ఖుదాని అడిగింది, కలని అడిగింది, మరుదుల్ని అడిగింది. చేతికందే దూరంలో ఉన్న మనిషిని అడగలేదు. ఆయనా నోరు విప్పలేదు. ఆమె వద్దంది కదా అని ఊరుకున్నాడు.

"నడవాలనుందమ్మా" అంది చివరికి.

అన్నాక ఇటుకల వైపు చూసింది.

"మీ అబ్బాకీ... ఉండే ఉంటుంది."