ఆరంకెలు ఆయన ఫోన్‌కే వస్తాయి

మొగుడి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో ఫోన్ మోగింది. పశువుల డాక్టరమ్మ.

"అమ్మాయ్, మా వెబ్‌సైట్‌లో ఇంకా పాత అడ్రసే ఉందేంటి? పొద్దున్న ఓ పెద్దాయన జబ్బు కుక్కని ఒళ్లో పెట్టుకుని పాత వీధికెళ్లి, తాళం చూసి గంటసేపు మెట్ల మీదే కూర్చున్నాడట. నిన్నే మారుస్తానన్నావుగా!"

"ఇప్పుడే మార్చేస్తానండీ," అంది.

మార్చడమెంతసేపు, రెండు లైన్లు! ఆ సైటు మొత్తం కట్టిందే ఆమె. సరదాగా మొదలుపెట్టి, అన్నం ఉడికేలోపు ఒక పేజీ, బట్టలు ఆరేలోపు ఇంకో పేజీ చొప్పున నలుగురికి నాలుగు సైట్లు కట్టిపెట్టింది. కానీ లోపలికెళ్లాలంటే ఆరంకెల కోడ్ కావాలి. అదేమో మొగుడి ఫోన్‌కి వస్తుంది. అకౌంటు తెరిచిన రోజు, "నా నంబరివ్వు, నీకెందుకీ తలనొప్పి," అన్నాడాయన. ప్రేమే అనుకుంది, పిచ్చిది. అప్పట్నుంచి తన పనిలోకి తాను వెళ్లాలన్నా ఆయన్ని బతిమాలాల్సిందే. అడిగినప్పుడల్లా ఒక పోటు. "మళ్లీ మొదలెట్టావా నీ బొమ్మలాట?" "అమ్మకి మాత్రలిచ్చావా ముందు?" ఒకసారైతే చుట్టాలందరి ముందూ అయిదంకెలు చెప్పి, ఆరోది చెప్పకుండా నవ్వుతూ కూర్చున్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిన్న అడిగితే "మీటింగు" అని పెట్టేశాడు. మళ్లీ అడగడానికి ధైర్యం చాల్లేదు. అలాగని ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. మాట్లాడటం మానేస్తాడంతే. వారాల తరబడి. ఆ రోజుల్లో గిన్నె చప్పుడైనా ఆమె గుండె జారిపోతుంది.

"ఎవరే ఫోనులో? చొక్కా అయిందా?" అంది అత్తగారు, పక్కగదిలోంచి.

"అవుతోందత్తయ్యా."

ఇస్త్రీపెట్టె ఆపి, లాప్‌టాప్ తెరిచి, మొగుడికి ఫోన్ చేసింది.

"ఏవండీ, కోడ్ వచ్చుంటుంది, కాస్త..."

"నాకు ఆఫీసులో ఇదే పనా? రాసుకో." గబగబా ఆరూ చెప్పి పెట్టేశాడు.

అడ్రసు మార్చింది. రెండే నిమిషాలు. ఇక అకౌంట్లోంచి బయటికి రావాలి. రాలేదు. మూలన 'ఫోన్ నంబర్ మార్చండి' అని ఉంది. ఎన్నోసార్లు చూసీ చూడనట్టు వదిలేసిందే. నొక్కితే పాత నంబరుకి కబురు వెళ్తుందని కిందే రాసుంది. అంటే ఆయనకి తెలిసిపోతుంది. వెంటనే. అరచేతులకి చెమట పట్టింది. చీరకి తుడుచుకుంది. మళ్లీ పట్టింది. మెట్ల మీద కూర్చున్న ఆ పెద్దాయన కళ్ల ముందు మెదిలాడు. తన నంబరు కొట్టింది. కోడ్ తన ఫోన్‌కే వచ్చింది. ఒక అంకె తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టి, నొక్కేసింది.

నిమిషం కాలేదు, ఫోన్ మోగింది. ఆయనే. గోడకి ఆనుకుని ఎత్తింది.

"ఏమే, నా నంబరు తీసేశారని మెసేజొచ్చింది! ఎవడో దొంగవెధవ నీ అకౌంట్లో దూరినట్టున్నాడు. చూడు తొందరగా!"

అవునండీ, దూరాడండీ అంటే చాలు. ఈ రాత్రి ఇంట్లో మాటలుంటాయి. రేపూ ఉంటాయి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"దొంగెవరూ లేరండీ," అంది, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే. "నేనే తీసేశాను."