నిప్పు చూసిన పైపు

నున్నాయన మెరుగుపెట్టిన పొగాకు పైపు మీద వాలిన ఈగ కాలు జారి కిందపడి నడుం విరగ్గొట్టుకోవడం కళ్ళారా చూసిన సంగతి. ఒకటి కాదు, మూడు ఈగలు. అంతటి పనివాడు ఆ రోజు పొద్దున్నే కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, పాత గొడుగు ఊచను అరగదీసి చేసుకున్న ఉలి చేతబట్టి, నున్నటి కొయ్యను పనిగట్టుకుని పాడుచేస్తున్నాడు.

పాడుచేయడం అన్నది ఆయన మాటే. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ పైపుల కార్ఖానాలో ఆయన చేసిన పనల్లా గరుకన్నది కనిపిస్తే చంపడం. వేరుదుంప కొయ్యకు బావమరిది బెజ్జాలు వేసి ఇస్తాడు. పొగాకు కూరడానికి పెద్ద బెజ్జం, పొగ రావడానికి సన్న బెజ్జం. ఆ ముక్కను నున్నాయన మూడు రకాల ఉప్పుకాగితంతో రుద్ది, రంగు పూసి, మైనం పట్టించి, గుడ్డచక్రం మీద తిప్పితే కొయ్యలోని చారలు నీళ్ళ అడుగున గులకరాళ్ళలా పైకి తేలేవి. అలా రుద్దీ రుద్దీ ఆయనకు నున్నాయనన్న పేరే నిలిచింది, వేళ్ళ కొనల మీద గీతలు కూడా అరిగిపోయాయి. ఎప్పుడో ఒక ఆఫీసులో కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే సిరామరక పడింది గానీ ముద్ర పడలేదు. ''ఈయన దొంగతనం చేసినా దొరకడు'' అని అక్కడి గుమాస్తా నవ్వాడు.

చిక్కు కొయ్యతో వచ్చింది. ఈమధ్య వస్తున్న దుంపల్లో ఆవగింజంత గుంటలు ఉంటున్నాయి. పైకి కనబడవు. అంతా అయి, ఆఖరి రుద్దుడులో బయటపడి వెక్కిరిస్తాయి. ఆ పైపు రెండో రకం బుట్టలోకి పోవాల్సిందే. పదింట నాలుగు అలా పోతుంటే యజమానురాలు ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. తండ్రి పోయాక కార్ఖానా నడుపుతున్న మనిషి. చిన్నప్పుడు ఈ బల్ల కిందే కూర్చుని కొయ్యపొట్టుతో ఇళ్ళు కట్టుకున్న పిల్ల.

''బాబాయ్, గుంటలు కనబడకుండా పైన ఏదన్నా గరుకు పని కావాలి. ఎవరూ చెయ్యనిది. చేతికి పట్టు దొరకాలి, గుచ్చుకోకూడదు.''

''నున్నగా చెయ్యమంటే చేస్తా గానీ, గరుకుగా చెయ్యడానికి నేనెందుకు అమ్మాయిగారూ? రోడ్డు మీదికి విసిరితే సరి.''

''విసిరి చూశాను. బాగా రాలేదు'' అందామె.

అక్కడితో ఆయన గొడుగు ఊచ ఒకటి అరగదీసుకున్నాడు. పని మొదలైంది. మొదటి ముక్క మశూచి పోసినట్టు వచ్చింది. రెండోది చేపపొలుసు. మూడోది చూసి బావమరిది, ''ఎలక కొరికిందా బావా?'' అన్నాడు. అలా పదకొండు ముక్కలు పొయ్యిలోకి పోయాయి.

పన్నెండోదానికి దారి ఆదివారం బట్టలు ఉతుక్కునేటప్పుడు దొరికింది. గంటసేపు బకెట్లో నానిన చేత్తో మొహం మీది చెమట తుడుచుకోబోయి ఆయన ఉలిక్కిపడ్డాడు. చెంపకు తగిలింది తన చెయ్యి కాదు. ఆవిడ చెయ్యి.

ఆయన భార్య పోయి నాలుగేళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఒక హోటలు దుప్పట్లు ఉతికింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్ళ కొనలు నానిపోయి, మెత్తటి ముడతలు పడి ఉండేవి. వస్తూనే ఆ చేత్తో ఆయన మెడ పట్టుకునేది. ''నీ వేళ్ళకి రెండు చుట్లు ఉప్పుకాగితం వెయ్యాలే'' అనేవాడు. ''నీ వేళ్ళు మాత్రం? పట్టుకుంటే చేపపిల్లలా జారిపోతాయి. అసలు మొగుడున్నట్టే ఉండదు'' అనేది. గొంతు ఇంకా చెవుల్లో ఉంది. మొహానికి గోడ మీద ఫోటో ఉంది. ఆ ఫోటో భుజాల దగ్గర ఆగిపోయింది. చేతులు ఎక్కడా లేవు.

అందుకే మూడు రోజులుగా ఆయన ఆ ముడతలు చెక్కుతున్నాడు. గొడుగు ఊచ గాడి పెట్టినచోట సన్నటి లోయ పడుతుంది. పక్కనే ఇంకోటి, కొంచెం వంకరగా. రెండూ కలవకూడదు, విడిపోకూడదు. తర్వాత ఇత్తడి తీగల బ్రష్షుతో అంచులు మెత్తబరచాలి. లోయల్లో ముదురు రంగు దింపి, గట్లమీద పాత ఉప్పుకాగితం ఒక్కసారి, ఊపిరి తగిలినట్టు, ఆడించాలి. మధ్యలో రెండుసార్లు ఎడమ భుజం లాగుతోందని రుద్దుకున్నాడు. చివరికి మైనం డబ్బా మూత తీశాడు. ఆ మైనంలో కలిపే నూనె వాసన ఎంత ఘాటంటే ఆ గదిలోకి ఈగ అనేది రాదు, ఎన్నడూ రాలేదు. పైన చెప్పిన మూడు ఈగల నడుములూ క్షేమంగానే ఉన్నాయన్నమాట.

పన్నెండింటికి పని అయింది. ఆయన దాన్ని బావమరిది చేతిలో పెట్టాడు. నోరు మూస్తే ఊపిరాడని మనిషి, ఆవిడకు స్వయానా తమ్ముడు. పైపును గుప్పిట్లో ఇటు తిప్పి, అటు తిప్పి, ఆగిపోయాడు.

''బావా, ఇది మా అక్క చెయ్యి.''

''కొయ్యరా అది.''

''కొయ్యే. కానీ మా అక్కదే.'' ఇంకోసారి తడిమాడు. ''చల్లగా ఉంది, అదొక్కటే తేడా.''

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో! మిగతావాళ్ళు భోజనాలకు లేచారు. నున్నాయన లేవలేదు. పైపును కిటికీలో ఎండకు పెట్టాడు. ఒక పక్కే కాగింది. అరచేతుల మధ్య రుద్దాడు. చొక్కా లోపల పెట్టుకున్నాడు. తన ఒంటి వేడే తనకు తిరిగొచ్చింది తప్ప ఇంకేం రాలేదు. పైపు అన్నది లోపల నిప్పుంటేనే లోపల్నించి వెచ్చబడుతుంది.

కానీ పైపు చేసేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. నిప్పు చూసిన పైపు సరుకు కాదు. ఒక్కసారి లోపల నల్లబడితే ఎంత తోమినా తెలిసిపోతుంది, ఎవరూ కొనరు. పైగా ఉన్నది ఈ ఒక్క పైపు. నాలుగింటికి ఏజెంటు వస్తాడు. ఇది చూపిస్తేనే కొత్త రకానికి ఆర్డరు.

బావమరిది చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నున్నాయన అడిగాడు: ''నీ పొగాకు పొట్లం తియ్యి.''

''మతుండే అంటున్నావా? నాలుగింటికి ఆయనొస్తాడు.''

''తియ్యమన్నానా!''

''పుట్టి బుద్ధెరిగి పొగ తాగలేదు, ఈ వయసులో మొదలెడతావా?''

''నేను తాగనురా. నువ్వు పీల్చు. నేను పట్టుకుంటా.''

అలా మొదలైంది. ఒకడు మెడ చాచి పీలుస్తున్నాడు, ఒకడు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చూసేవాళ్ళకి పసిపిల్లాడికి పాలు పడుతున్నట్టుంది. మొదట ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా, కొయ్య లోతుల్లోంచి, వెచ్చదనం ముడతల్లోకి ఎక్కింది. నున్నాయన వేళ్ళు బిగించాడు. ''ఆపకురా'' అన్నాడు.

గుమ్మంలో యజమానురాలు నిలబడి ఉంది.

''బాబాయ్... వెలిగించేశారా?''

''వెలిగించాం అమ్మాయిగారూ.''

''మరి నాలుగింటికి నేనేం చూపించను? నా మొహమా?''

''మీ మొహం నున్నగా ఉందమ్మా, ఆయనకి గరుకు కావాలి'' అన్నాడు బావమరిది పొగ మధ్యలోంచి.

''రేపు పదింటికల్లా ఇంకోటి చేస్తాను. దారి దొరికింది, ఇక చెయ్యడమే'' అన్నాడు నున్నాయన. ఆయన కళ్ళు ఎందుకు తడిసి ఉన్నాయో ఆమె అడగలేదు. పొగ వల్ల అనుకుని ఉండవచ్చు, అనుకోకపోయి ఉండవచ్చు. వెళ్ళి ఏజెంటుకు ఫోను చేసి మర్నాటికి మార్చి, తిరిగొచ్చి చెయ్యి చాపింది.

''ఒకసారి ఇవ్వండి, చూస్తాను.''

ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ ఇంటివాళ్ళకు ఆయన కాదన్న మాట లేదు. పైపును ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

''ఇస్తానమ్మా. చల్లారాక.''

మధ్యాహ్నమంతా కొత్త ముక్క మీద పనిచేశాడు. ఐదింటికి అందరూ చేతులు కడుక్కుంటుంటే, ''నువ్వు గేటు దగ్గర ఉండు, గాడి పూర్తిచేసి వస్తా'' అన్నాడు బావమరిదితో. బావమరిది గేటు దగ్గర ఒక సిగరెట్టు కాల్చాడు. రెండోది కాల్చాడు. మూడోది వెలిగించకుండానే వెనక్కి వెళ్ళాడు.

నున్నాయన కిటికీ చట్రానికి తల ఆన్చి ఉన్నాడు. పనిమధ్యలో కునుకు తీసినట్టే ఉంది. బల్ల మీది పట్టులో బిగించిన కొత్త కొయ్య మీద గాళ్ళు సగం దాకా వచ్చి ఆగాయి. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. ఆ చేతిలో పైపు, ఇంకా వెచ్చగానే.

మర్నాడు పదింటికి ఏజెంటు వచ్చి, నున్నాయన పోయిన సంగతి విని, టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్ళాడు. ఆ సగం ముక్కను పూర్తిచేయాలని ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు గొడుగు ఊచ పట్టుకున్నారు. మశూచే వచ్చింది.

ఒక అబద్ధం ఒప్పుకోవాలి. చేతిలో పైపు ఇంకా వెచ్చగా ఉందన్నది కల్పన. మధ్యాహ్నం ఆరిన పైపు సాయంత్రం దాకా వెచ్చగా ఎలా ఉంటుంది? అది చల్లారి చాలాసేపయింది. ఈగలు, ఈ వెచ్చదనం తప్ప మిగతాదంతా జరిగినట్టే చెప్పాను. పైపు ఇప్పుడు యజమానురాలి బల్ల మీద, ఫోను పక్కన ఉంటుంది. నున్నటిదైతే ఒక్క తుడుపుకి పోయే దుమ్ము, దాని ముడతల్లో సన్నగా నిలిచిపోతుంది.