సినిమా దుమ్ము

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తిరుమల్ స్కూటర్ తీశాడు. కాళ్ల దగ్గర సామాన్ల సంచి, వీపున మైకు స్టాండు, జేబులో పెన్ డ్రైవు. ఉండేది కార్ఖానాలోనే గానీ ఆయన పని సికింద్రాబాద్ అంతా ఉంటుంది. ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగిస్తాడు, వేరేవాళ్లు బిగించి పాడుచేసినవి సరిచేస్తాడు. జనం ముచ్చటపడి ఇంత పెద్ద తెర, ఇన్నేసి స్పీకర్లు కొనుక్కుంటారు. తీరా చూస్తే హీరో ఏం మాట్లాడుతున్నాడో వినపడదు, బాంబు పేలితే మాత్రం పక్కింటివాళ్లు గోడ బాదుతారు. చీకట్లో జరిగే ఫైటింగులో ఎవరు ఎవర్ని తంతున్నారో దేవుడికే తెలియాలి. అప్పుడు తిరుమల్‌కు ఫోన్ చేస్తారు.

పెన్ డ్రైవులో ఉండేది ఒక్కటే సీను. ఎగిరే హీరో ఒకాయన ఆకాశంలో ఉండగా నలభై అంతస్తుల భవనం కూలిపోతుంది. నాలుగు నిమిషాలు. ఆ సినిమా మొదలూ చివరా తిరుమల్ ఎన్నడూ చూడలేదు. భవనం ఎందుకు కూలిందో, హీరోకు పెళ్లయిందో లేదో ఆయనకు తెలియదు. ఆ భవనం పక్క సందులో, బాగా చీకట్లో, గోడకు ఆనించిన సైకిల్ ఒకటుంది. బ్రైట్‌నెస్ తగ్గితే ఆ సైకిల్ మాయమైపోతుంది, పెరిగితే చీకటి కాస్తా బూడిదరంగుకు తిరుగుతుంది. సైకిల్ కనపడీ కనపడనట్టు ఉంటే బొమ్మ కుదిరినట్టే.

సౌండ్ కుదిరిందని తెలియడానికి అలాంటి గుర్తేదీ అక్కర్లేదు. అది ఊరందరికీ తెలుసు. సౌండ్ కుదిరితే భవనం కూలే చోట తెర ముందు దుమ్ము రాలుతుంది.

కొంపలు కూలే సినిమా ఏదైనా అంతే. అందుకే ఇల్లాళ్లు ముందే పాత పేపర్లు పరిచిపెడతారు. మా ఇంట్లో పిడికెడు పడిందంటే మా ఇంట్లో దోసెడని గొప్పలు పోతారు. పనిమనుషులు ఆ దుమ్ము ఊడ్చే సంగతి ముందే మాట్లాడుకుంటారు. పూలకుండీల్లో వేసి చూసినవాళ్లూ ఉన్నారు, మొక్కలకు లాభమూ కలగలేదు, నష్టమూ కలగలేదు. కుటుంబ కథల సినిమాలకు మాత్రం ఏమీ రాలదు. వాటిలో వాళ్లు ఎంత ఏడ్చినా నేల తడవదు.

ఆ దుమ్ము బూడిదరంగులో మెత్తగా ఉంటుంది. వాసన ఉండదు. ఉన్నా తిరుమల్‌కు తెలిసేది కాదు. మూడేళ్లుగా ఆయనకు ఏ వాసనా తెలియడం లేదు. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటాడు. ముక్కులో ఏ లోపమూ లేదని డాక్టర్ చెప్పాడు. భార్య వసుధ ఆ మాట నమ్మలేదు, తిరుమల్ నమ్మాడు. ముక్కే కాదు, ఆయనలో ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. ఎవరైనా జోక్ చెబితే నవ్వాల్సిన చోట నవ్వుతాడు, చావు ఇంటికి వెళితే తల వంచుకుని నిలబడతాడు. లోపల ఏమీ కదలదు.

మూడేళ్ల కింద ఇలాగే వానాకాలంలో తమ్ముడు రాజేందర్‌ను రెజిమెంటల్ బజార్‌లో ఒక పాత మేడ మీదికి పనికి పంపించాడు. అన్నదమ్ములిద్దరూ కలిసే ఈ పని చేసేవాళ్లు. మధ్యాహ్నం రాజేందర్ ఫోన్ చేశాడు.

"అన్నా, దుమ్ము పడ్తున్నదే! ఇంత మంచిగ ఎన్నడు పడలే."

"పడ్తున్నదంటే సెట్టింగ్ కుదిరినట్టే. ఇంకో రెండు పెంచు, చూద్దాం."

"సరే అన్నా."

అంతే. ఆ దుమ్ము సినిమాది కాదు. పాత మేడ మిద్దె రాజేందర్ మీద పడింది. ఇంట్లోవాళ్లు పక్క వాటాలో ఉండటంతో వాళ్లకేమీ కాలేదు.

పదకొండో రోజు దాటాక రాజేందర్ భార్య కల్పలత అతని ఫోన్ పట్టుకుని వచ్చింది. "బావా, ఆఖరి ఫోన్ నీకే ఉన్నది. ఏమన్నడు?" అని అడిగింది. తిరుమల్ ఆ ఫోన్ వైపు చూసి, "సిగ్నల్ లేకుండె. ఏం ఇనబడలే" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. పై వాటాలోనే ఉంటుంది, మెడికల్ షాపు కౌంటర్‌లో పనిచేస్తుంది, రోజూ మెట్లు దిగుతూ తిరుమల్ మొహం వంక ఒకసారి చూసి వెళుతుంది. ఆ చూపు తప్పించుకోవడానికి తిరుమల్ రోజూ స్కూటర్ తుడుస్తున్నట్టు కిందికి వంగుతాడు. వాసనలు పోయింది ఆ అబద్ధం ఆడిన రోజు నుంచే. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పలేదు.

ఈ ఆదివారం పని పద్మారావు నగర్‌లో. కామాక్షమ్మగారి ఇల్లు. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్ల కింద కొనుక్కున్న పాతకాలపు ఇల్లు. కొడుకు నాగసాయిది కంప్యూటర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. ముందు హాలును థియేటర్ చేయించాడు. కింద కార్పెట్, గోడలకు నల్లటి బట్ట, పైన కొత్తగా ఫాల్స్ సీలింగ్, దానికి చిన్న చిన్న గుండ్రటి లైట్లు. వారం రోజులుగా ముసురు పట్టి ఆ పొద్దునే తెరిపిచ్చింది.

"రండి రండి, మీకోసమే చూస్తున్నాం" అన్నాడు నాగసాయి. "కార్ఖానాలో మా ఫ్రెండ్ వాళ్లింట్లో దోసెడు పడుతుందండీ. నాకు ఇంతవరకు చిటికెడు కూడా రాలేదు. నా సిస్టమే దానికంటే పెద్దది!"

"వస్తది సార్. జెర చూడనీయండి."

కామాక్షమ్మగారు తెర ముందు పేపర్లు పరుస్తూ, "నాకు దుమ్ము రాకపోయినా పర్లేదు బాబూ, వాళ్ల మాటలు వినపడేలా చెయ్యి చాలు. ఎప్పుడు చూసినా నోట్లో బియ్యం పోసుకున్నట్టు మాట్లాడతారు" అంది.

తిరుమల్ మధ్య స్పీకర్ ముందుకు జరిపాడు. సోఫా దగ్గర మైకు నిలబెట్టి ఒక్కో స్పీకర్‌నూ కొలిచాడు. బొమ్మ సరిచేశాడు. సందులో సైకిల్ కనపడింది. హీరో మాట్లాడాడు, కామాక్షమ్మగారికి ప్రతి మాటా వినపడింది. అర్థం కాలేదు, అది వేరే సంగతి. తర్వాత భవనం కూలింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి, సోఫా అదిరింది.

పేపర్ల మీద ఒక్క రేణువు పడలేదు.

తిరుమల్ బేస్ కొట్టే సబ్ ఊఫర్‌ను మూల నుంచి జరిపి గోడ మధ్యకు పెట్టాడు. మళ్లీ కూల్చాడు. లేదు. వైర్లు చూశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ కూల్చాడు. పద్దెనిమిదేళ్లలో ఇంత శుభ్రంగా సౌండ్ కుదిరి కూడా దుమ్ము పడని ఇల్లు ఆయన చూడలేదు. ఇంకొకరైతే కంగారుపడేవారు. తిరుమల్‌కు అదీ రాలేదు. రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో రెండు పెంచండి, చూద్దాం" అన్నాడు నాగసాయి.

తిరుమల్ వేలు రిమోట్ మీదే ఆగిపోయింది. ఆ మాట తన మాటే. అవే పదాలు. ఒక్క క్షణం ఎవరో తన గొంతుతో మాట్లాడినట్టు అనిపించింది. కానీ అడిగింది చేయడం అలవాటైపోయిన మనిషి, పెంచాడు.

భవనం కూలింది. ఈసారి సన్నగా, తెల్లగా దుమ్ము పడింది.

"వచ్చిందిరా!" అని కామాక్షమ్మగారు చప్పట్లు కొట్టింది. నాగసాయి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. "చూశారా, రెండు పెంచితే సరిపోయింది!"

అప్పుడు తిరుమల్‌కు వాసన వచ్చింది.

మొదట అదేమిటో అర్థం కాలేదు. మూడేళ్ల తర్వాత ముక్కుకు తగిలిన మొదటి వాసన. తడిసిన సున్నం, పాత ఇటుక, నానిన కర్ర. రెజిమెంటల్ బజార్‌లో ఆ మధ్యాహ్నం శిథిలాలు చేతులతో తోడుతుంటే గోళ్లలో నిండిపోయిన వాసన. ఆయన తలెత్తి చూశాడు. దుమ్ము తెర ముందు పడటం లేదు. సోఫా వెనక, గుండ్రటి లైటు చుట్టూ ఉన్న సందులోంచి పడుతోంది. సోఫా వెనక ఎవరూ పేపర్లు పరచలేదు.

తిరుమల్ గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. హీరో పోయాడు, భవనం పోయింది, హాలంతా నిశ్శబ్దం. గుమ్మంలోంచి వచ్చే వెలుగులో ముగ్గురూ పైకి చూశారు. దుమ్ము అలాగే రాలుతోంది.

"బయటికి నడువుండ్రి" అన్నాడు తిరుమల్.

"అదేంటండీ, ఇప్పుడిప్పుడే బాగా పడుతుంటే..."

"సినిమా బంద్ అయింది సార్. దుమ్ము బంద్ కాలే."

నాగసాయి వీడియో ఆపాడు. కామాక్షమ్మగారు, "కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టా, ఉండు" అని లోపలికి తిరిగింది. తిరుమల్ ఎన్నడూ ఏ ఇంటి ఆడమనిషి చెయ్యీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆమె మణికట్టు పట్టుకుని, "అమ్మా, నీ కాళ్లు మొక్కుత, రా" అన్నాడు. ఆమె వచ్చింది. మాట విని కాదు, ఆ మనిషి మొహం చూసి వచ్చింది.

గేటు బయట రోడ్డు మీద నిలబడ్డారు. ఏమీ కాలేదు. ఐదు నిమిషాలైనా ఏమీ కాలేదు. ఎదురింటి బాల్కనీలో ఒకాయన పళ్లు తోముకుంటూ వీళ్లను చూస్తున్నాడు. నాగసాయికి సిగ్గేసింది.

"నా ల్యాప్‌టాప్ హాల్లోనే ఉందండీ. ఒక్క నిమిషంలో తెచ్చేస్తా."

తిరుమల్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "పోనియ్య."

"మీరెవరండీ ఆపడానికి?"

"ఎవర్ని కాదు సార్. కొట్టాలంటే కొట్టుండ్రి. పోనియ్య."

వాళ్లిద్దరూ అలా మొహాలు చూసుకుంటూ ఉండగానే లోపల చప్పుడైంది. పెద్ద చప్పుడేమీ కాదు. బియ్యం బస్తా పైనుంచి జారి పడినంత. కిటికీ అద్దాలు కూడా అదరలేదు. ఆ తర్వాత గుమ్మంలోంచి తెల్లటి దుమ్ము మెల్లగా వరండా దాటి వచ్చి, గేటుకు అడ్డంగా ఉన్న తిరుమల్ ఒంటి నిండా పడింది. ఇల్లు నిజంగా కూలితే అంత బేస్ ఉండదని తిరుమల్‌కు అప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్లు తప్పు చప్పుడునే సరిచేస్తూ వచ్చాడు.

పైన వాన నీళ్లు నిలిచి నిలిచి టేకు దూలం పుచ్చిపోయిందట. కొత్త సీలింగ్ వేసినవాళ్లు పగుళ్లు కనపడకుండా కప్పేసి వెళ్లారు. మిద్దె సగం ఊడి సరిగ్గా సోఫా మీద పడింది. మైకు స్టాండు నుజ్జయింది. తెరకు మాత్రం ఒక్క గీత పడలేదు, దాని ముందు పరిచిన పేపర్లు పరిచినట్టే ఉన్నాయి. ఆ ఇంట్లో సినిమా తన దుమ్మును ఎందుకు దాచుకుందని ఎవరూ అడగలేదు. కామాక్షమ్మగారు రోడ్డు మీదే కూర్చుని కొడుకు చెయ్యి వదలకుండా చాలాసేపు ఉండిపోయింది. నాగసాయి తిరుమల్ దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద సున్నం దులిపాడు.

తిరుమల్ ఇల్లు చేరేసరికి ఒంటిగంటయింది. వసుధ పుట్టింటికి వెళ్లింది. పైవాటా తలుపు తీసే ఉంది. మెట్లెక్కుతుంటే పోపు వాసన వచ్చింది, ఎల్లిపాయ, ఎండుమిర్చి. ఆయన మూడో మెట్టు మీద ఆగి ఆ వాసన పీల్చుకున్నాడు. తర్వాత భయమేసింది. ఇంతకాలం భయం కూడా వేయలేదు కాబట్టి అది చాలా పెద్దదిగా ఉంది. వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేదు.

కల్పలత గుమ్మంలో ఆయన్ను చూసి పొయ్యి కట్టేసింది. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్నాడు.

"ఏమైంది బావా? ఏందీ అవతారం?"

"రాజేందర్ ఫోన్ చేసిన నాడు... ఇనబడ్డది. అంతా ఇనబడ్డది."

 కల్పలత చేతిలో గరిటె అలాగే ఉంది.

"దుమ్ము పడ్తున్నది అన్నా అన్నడు. ఇంకో రెండు పెంచు అన్న. సరే అన్నా అన్నడు. గంతే. పెంచు అన్నది నేనే."

 గుమ్మం బయటే, చెప్పుల పక్కన కూలబడ్డాడు. కింద వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోతున్నారు.

"భయపడ్డడా?" అని అడిగింది కల్పలత.

"లేదు. సంబురంగ ఉండె. ఇంత మంచిగ ఎన్నడు పడలే అన్నడు."

ఆమె గరిటె పక్కన పెట్టింది. గోడకు ఆనుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం లేకుండా, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చింది. ఆ భుజాలు చూసి తిరుమల్‌కూ ఏడుపొచ్చింది. ఆయనది మాత్రం కిందివీధి దాకా వినపడింది. బండివాడు ఆగి పైకి చూశాడు.

"భయపడుకుంట పోయిండనే అనుకుంటున్న బావా, మూడేండ్ల సంది" అంది ఆమె, మొహం తుడుచుకుని. "పండుకుంటే అదే కనపడ్తది. గీ ఒక్క మాట అప్పుడే చెప్పకపోతివి?"

"చెప్తే మొహం చూడవనుకున్న."

"చూడకపోదును. ఇప్పుడు సుత నీ మీద కోపమే ఉన్నది. పోదది." లోపలికి వెళ్లి తువాలు తెచ్చి ఆయన మీద విసిరింది. "తల తుడుసుకో, సున్నం కండ్లల్ల పడ్తది. అన్నం పెడ్త."

ఆమె చీపురు తెచ్చి, గుమ్మం ముందు ఆయన తల నుంచి రాలిన దుమ్మును ఊడవడం మొదలుపెట్టింది. తిరుమల్ కాళ్లు పక్కకు జరుపుకున్నాడు.