ఒంట్లో లోహం

పొద్దున్నే కూతుర్ని ఒళ్లో బోర్లా పడుకోబెట్టి, అరచేయి గిన్నెలా వంచి వీపు తట్టాలి. ఒక్కో పక్క పది నిమిషాలు, రోజుకు రెండు పూటలు. ఎనిమిదేళ్లుగా ఆమెకు ఇదే పని. దగ్గొచ్చి కఫం బయటపడితేనే పిల్లకు గాలాడుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్, పుట్టుకతో వచ్చిన జబ్బు.

"మీ వైపు రక్తమే అంత," అంటుంది అత్తగారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చిందని డాక్టరమ్మ ఎంత చెప్పినా, ఆ ఇంట్లో నష్టమంతా కోడలి వాటాకే. బట్టల కొట్లో పగలంతా గజాలు కొలిచేది ఆమె, బోర్డు మీద పేరు మాత్రం భర్తది. ఆలస్యమైతే ఒక దెబ్బ, ఎదురు చెబితే నాలుగు. ఏ మాటకు ఎంత పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. అందుకే సగం మాటలు మింగేసి నెట్టుకొస్తోంది.

సీటీ స్కానుల రేడియేషన్ పసి ఒంటికి మంచిది కాదని, ఈసారి ఎమ్మారై రాసింది డాక్టరమ్మ. అందులో రేడియేషన్ ఉండదు, అయస్కాంతంతో ఊపిరితిత్తుల బొమ్మ తీస్తారు. చెప్పినప్పుడల్లా పిల్ల ఊపిరి బిగబట్టాలి.

"అమ్మ పక్కనుంటేనే పడుకుంటా," అని స్కాన్ గది ముందు మొండికేసింది పిల్ల.

"అయితే అమ్మ కూడా ఫారం నింపాలి, అయస్కాంతం దగ్గర లోహముంటే ప్రమాదం. ఒంట్లో లోహమేమైనా ఉందా అక్కా?" అంది స్కాన్ చేసే అమ్మాయి.

భర్త కలం లాక్కుని 'లేదు' అని గీకాడు.

ఉంది. ముంజేతిలో ప్లేటు, ఆరు మరలు. రెండేళ్ల కిందట ఆ చేతిని తలుపు సందులో పెట్టి ఒక్క తోపు తోశాడు. ఎముక పటుక్కుమంది. బాత్రూంలో జారిపడిందని ఆస్పత్రిలో చెప్పాడు. ఆమె తలూపింది.

"నోరెత్తావంటే ఇంటికెళ్లాక రెండో చెయ్యి," అన్నాడిప్పుడు, నవ్వు మొహంతోనే, ఆమెకొక్కదానికే వినపడేలా.

ఆ పక్క పిల్ల ఊపిరి బిగబట్టడం సాధన చేస్తోంది. ఇరవై లెక్కపెట్టినా వదల్లేదు.

"అబ్బో! ఎవరు నేర్పారే నీకు?" అంది స్కాన్ చేసే అమ్మాయి.

"ఎవరూ నేర్పలేదు. నాన్న అమ్మను కొట్టేటప్పుడు దగ్గితే నన్నూ తిడతాడుగా. ఇలాగే ఆపుకుంటా."

తల్లికి లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. రెండు పూటలా తట్టి తట్టి తెప్పించిన దగ్గును పిల్ల లోపలే దాచుకుంటోంది, ఆమె మాటలు మింగినట్టే.

కలం తీసుకుని 'లేదు'ను అడ్డంగా కొట్టేసింది.

"ప్లేటుందమ్మా. నేను జారిపడలేదు, ఈయన తలుపు సందులో పెట్టి విరగ్గొట్టాడు. ప్లేటు ఏ లోహమో ఆ ఆస్పత్రి కాగితాల్లో ఉంటుంది, తెప్పించండి. రెండు కాపీలు. ఒకటి మీకు, ఒకటి పోలీసులకు."