మట్టే కదా

"చేతులు కడుక్కున్నావా?"

గుమ్మంలో అడుగు పెట్టకముందే అత్తగారు అడిగే ప్రశ్న ఇది. కోడలు మట్టి మీద పరిశోధన చేస్తుందని చెప్పుకోవడం ఆవిడకి నామోషీ. కొడుక్కి వేళాకోళం. "అందరి పెళ్ళాలూ ఆఫీసుకెళ్తారు, మా ఆవిడ మట్టి పిసుక్కోవడానికెళ్తుంది" అని వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వుతాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

నిన్న ఆమె గొడ్డలి తగలని పాత పైన్ అడవి నుంచి తిరిగొచ్చింది. రాలిన సూదుల్లాంటి ఆకుల కింద ఆమ్లగుణమున్న నల్లటి మట్టి, దాని నిండా చెట్ల వేళ్ళకి తిండి అందించే తెల్లటి బూజు దారాలు. ఆ మట్టిని చల్లగా ఉంచి, ప్రాణంతోనే ల్యాబుకి చేర్చాలి. దారిలో మొగుడి ఫోను: "రేపు మా బాసు వాళ్ళు భోజనానికొస్తున్నారు. ల్యాబూ గీబూ తర్వాత, ముందు ఇంటికి రా."

వచ్చింది. మట్టి సంచుల్ని ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టి, "ముట్టుకోకండి అత్తయ్యా, చిటికెడు మట్టిలో కోట్ల ప్రాణులుంటాయి" అని చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

పొద్దున్న స్నానం చేసి వచ్చేసరికి సంచులు నోళ్ళు తెరుచుకుని సింకులో పొగలు కక్కుతున్నాయి.

"కోట్ల పురుగులని నువ్వే అన్నావుగా! తినే తిండి పక్కన పెడతావా? సలసల కాగే నీళ్ళు పోశాను. ఒక్కటి బతికుంటే ఒట్టు" అంది అత్తగారు గర్వంగా.

మొగుడు పేపర్లోంచి తలెత్తలేదు. "మట్టే కదా, మళ్ళీ తవ్వుకో. ముందు వంట చూడు, వాళ్ళొచ్చేస్తారు."

ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. పదే పదే తొక్కిన నేలలోకి నీళ్ళు దిగవని రిపోర్టుల్లో తనే రాస్తుంది. ఆ అడవిలో ల్యాబు వేసిన శిబిరంలో ఏడాదిపాటు ఉండి పనిచేయమని పోయిన నెల అడిగారు. "ఇల్లెవరు చూస్తారు?" అని ఇతను అన్న ఒక్క మాటకి కాదనేసింది. ఎంత తేలిగ్గా కాదనేసింది! ఇల్లు చూసుకుంటూ కూర్చుంటే, కళ్ళముందే అడవిని ఉడకబెట్టారు.

స్టవ్ కట్టేసింది. ల్యాబు పెద్దావిడకి ఫోన్ చేసింది. "శిబిరం పనికి ఇంకెవర్నీ పెట్టకండి మేడమ్. నేనొస్తున్నాను. ఇవాళే."

పేపరు కిందికి దిగింది. "ఎవర్నడిగి?"

"మళ్ళీ తవ్వుకోమన్నారుగా!"

బ్యాగు సర్దుకుని, అడవి మట్టి ఎండి అంటుకున్న బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుంది. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

"వాళ్ళొచ్చేశారే!" కంగారుగా వంటింట్లోంచి అరిచింది అత్తగారు. "ఆ మట్టి చేతులతో తలుపు తీస్తావా ఏంటి? కడుక్కున్నావా?"

"లేదత్తయ్యా" అంది ఆమె, రెండు చేతులూ తట్టుకుని తలుపు గడియ తీస్తూ. "దులుపుకున్నాను."