అమ్మ ముఖం ఎవరు తుడిచారు?

పొద్దున్నే దుకాణం తెరిచిన లింగన్నకు బొమ్మలో ముఖం కనిపించలేదు. చీర ఉంది, చేతులున్నాయి, మెడ పైన మాత్రం ఇంకా ఆరని రంగును ఎవరో తుడిచేశారు.

నాందేడ్‌లో సినిమా బ్యానర్లు గీసే లింగన్నను ఇంతగా తిప్పలు పెట్టిన బొమ్మ మరొకటి లేదు. రైల్వేలో సిగ్నల్ దీపాలు వెలిగించే అనంతరాములు తన తల్లి బొమ్మ కావాలన్నాడు. ఆమె ఎప్పుడో పోయింది, ఫోటో ఒక్కటీ లేదు. అతని అక్క భాగ్యవతి పోలికలు చెబుతుంటే లింగన్న గీస్తూ, చెరుపుతూ ముఖం తెచ్చాడు. నిన్న ఆమె తమ్ముడితో వచ్చి చూసి, "అచ్చం అమ్మనే" అని ఏడ్చింది. రేపు తద్దినానికి బొమ్మ గోడకెక్కాలి.

పోటీ పెయింటరైతే గుడ్డ మొత్తం చింపేవాడు. మరి ముఖం ఒక్కటే ఎవరికి బరువైంది? కింద నూలు పీచు ముద్ద ఒకటి దొరికింది. వాసన చూశాడు. రంగులు పలచన చేయడానికి లింగన్న వాడేది టర్పెంటైన్, ఇది దీపాల్లో పోసే కిరోసిన్.

నేరుగా స్టేషన్‌లోని దీపాల గదికి వెళ్లాడు.

"దీపాలు తుడిచే పీచు నా దుకాణంల ఎట్ల వడ్డది, అనంతరాములూ?"

అనంతరాములు చేతిలోని గాజు చిమ్నీని కింద పెట్టాడు.

"ఎనుక తలుపు నూకి అచ్చి నేనే తుడిచిన లింగన్నా. అమ్మ పోయిననాడు నేను శాన చిన్నోన్ని. పొయ్యి ఎలుగుల సగం మొఖమే యాదికుంది, మిగిలింది చీకటే. రాత్రి కండ్లు మూస్తే నీ బొమ్మనే అచ్చింది, ఆ సగం రాలే. ఆ సగం గూడ మర్చిపోతనేమోనని బుగులైంది. అక్కకు నేను జెప్పుకుంట గని, నువ్వు ఆ సగమే ఎయ్యి. మిగిలింది చీకటిగనే ఉండనియ్యి."